ఉత్త ఓదార్పులు పలకని హిల్డా

హిల్డా ఇక లేరన్న వార్త మంగళవారం ఉదయం ఫోన్‌లో తెలిసింది. తొంభైకి చేరువైన మనిషి, కొన్ని నెలలుగా మంచం మీదే ఉన్నారు. అయినా ఆ మాట చెవిన పడగానే చేస్తున్న పని వదిలేసి వంటింట్లోనే కూర్చుండిపోయాను. ఈమధ్య మన తెలుగు సంఘం పత్రికకు నేను రాసేవన్నీ ఇలాంటి నివాళులే. రాసి రాసి అలసిపోయాను. ఇది మాత్రం ఎవరూ అడగకుండా రాస్తున్నాను. “తెలుగావిడ కాదు, పైగా నాజీల సైన్యంలో నర్సు. మనకెందుకండీ?” అన్నారు సంపాదకులు. సందేహం న్యాయమైనదే. అయినా రాస్తాను.

నేను డాలస్‌లో డాక్టరుగా రెసిడెన్సీ శిక్షణ చేస్తున్న రోజుల్లో ఆమె మా వార్డుకు హెడ్ నర్సు. నిటారైన విగ్రహం, మితభాషణం, నిష్కర్ష. చీర కట్టుకుని డ్యూటీకి వెళ్ళిన నన్ను ఎగాదిగా చూసి, “డాక్టర్, ఆ కొంగు దోపుకోండి. పేషంట్‌కి తగులుతుంది” అన్నదే తొలి పలకరింపు. ఒకసారి ఒక రోగి భార్యతో అంతా సర్దుకుంటుందని చెప్పాను. హిల్డా నన్ను వరండాలోకి పిలిచి, “మీకు తెలియని సంగతి ఎందుకు చెప్పారు?” అని అడిగారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట చల్లారడానికి చాలాకాలం పట్టింది, ఆ తర్వాత ఏర్పడిన స్నేహం మాత్రం దశాబ్దాలు నిలిచింది.

యుద్ధం గురించి ఆమె దాదాపు మాట్లాడేవారు కాదు. ఎవరైనా సేవ, త్యాగం అంటూ మొదలుపెడితే, “మెచ్చుకునే ముందు నేను ఎవరి సైన్యంలో పనిచేశానో గుర్తు చేసుకోండి” అనేవారు. యూదులను తీసుకెళ్ళే రైళ్ళను చూశానని, ప్రశ్నలు అడగకూడదని గ్రహించేంత మాత్రం తనకు తెలుసునని ఒకసారి నాతో అన్నారు. అంతకు మించి తనను తాను సమర్థించుకోలేదు.

డాలస్ పక్కనే ఫ్రిస్కోలో ఉండే విమల నాకు చెల్లెలి వంటిది. ఇరాక్ యుద్ధం సాగుతున్న రోజుల్లో ఆమె కూతురు స్నేహ, నర్సింగ్ పూర్తి చేసి, ఆర్మీలో చేరతానని కూర్చుంది. ఇంట్లో ఏడుపులు, అలకలు అయ్యాయి. చివరికి విమల నా దగ్గరికి వచ్చింది. “అక్కా, మీ జర్మన్ ఆవిడ చేత నాలుగు భయంకరమైన విషయాలు చెప్పించండి. దెబ్బకి మానుకుంటుంది.” పిల్ల మాట వినకపోతే పెద్దవాళ్ళ ముందు కూర్చోబెట్టడం మనవాళ్ళకు అలవాటైన ఉపాయమే కదా! పులిహోర డబ్బా పట్టుకుని ముగ్గురం ఇర్వింగ్‌లో హిల్డా అపార్ట్‌మెంట్‌కి వెళ్ళాం.

గుమ్మంలోనే విమల, “ఆంటీ కాళ్ళకి దణ్ణం పెట్టు” అని కూతుర్ని ముందుకు తోసింది. స్నేహ వంగి పాదాలు తాకిందో లేదో, హిల్డా కెవ్వుమని అరిచి వెనక్కి జరిగారు. గోడకు ఆనుకుపోయారు. అది మా పద్ధతి అని నేను వివరించాక కుర్చీలో కూర్చుని చెప్పడం మొదలుపెట్టారు.

రష్యా నుంచి జర్మన్ సైన్యం వెనక్కి తగ్గుతోంది. ఒక బడిలో ఆసుపత్రి. నడవగలిగినవాళ్ళనే లారీ ఎక్కించమని ఆజ్ఞ వచ్చింది. మిగిలినవాళ్ళు నేల మీద గడ్డిలో పడి ఉన్నారు. “వాళ్ళ మధ్య నుంచి బయటికి వెళ్తుంటే ఒకతను నా పాదం పట్టుకున్నాడు. ఇంకో లారీ వస్తుందని చెప్పాను. రాదని నాకు తెలుసు. నమ్మి, వదిలేశాడు” అన్నారు హిల్డా.

“విన్నావా? ఇప్పుడు చెప్పు, వెళ్తావా?” అంది విమల ఆశగా.

స్నేహ తల్లి వైపు చూడలేదు. తాను వెళ్ళకూడదంటారా అని హిల్డానే అడిగింది.

“వెళ్ళమనీ అనను, వద్దనీ అనను. వెళితే మాత్రం, రాని లారీ వస్తుందని ఎవరికీ చెప్పకు.”

తిరుగు ప్రయాణంలో స్నేహ తన అమెరికా యాసలో, “అమ్మా, సారీ. నేను వెళ్తాను” అంది. విమల హిల్డాను క్షమించలేదు. నాతో కూడా కొన్నాళ్ళు మాట్లాడలేదు.

స్నేహ ఇరాక్ వెళ్ళింది. ధైర్యం చెప్పడానికి మన వాళ్ళందరం బారులు తీరాం. ఏం కాదులే, దేవుడున్నాడు, అంతా మంచే జరుగుతుంది. విని విని విసిగిపోయిన విమల, ఒక ఆదివారం తనంతట తానే కార్ తీసుకుని హిల్డా ఇంటికి వెళ్ళింది. పిల్ల ఫోన్ చెయ్యకపోతే ఏమనుకోవాలని అడిగిందట. “గాయపడ్డవాళ్ళు ఎక్కువగా వచ్చిన రోజు నర్సులకు తినడానికే తీరదు. అది ఒక కారణం. ఇంకోటి మీరు అనుకుంటున్నదే. ఏదో నాకు తెలియదు” అన్నారట హిల్డా. “ఎందుకో అక్కా, ఆవిడ దగ్గరే నాకు ఊపిరాడుతుంది” అని విమల నాతో అంది. ఆ తర్వాత ఆదివారాలన్నీ అక్కడే గడిపింది. స్నేహ తిరిగొచ్చింది, మళ్ళీ వెళ్ళింది. ఇప్పుడు అఫ్గానిస్తాన్‌లో ఉంది.

పుణ్యాత్మురాలు, సేవామూర్తి వంటి విశేషణాలు హిల్డాకు గిట్టవు కనుక వాడను. తాను చేసిన తప్పును చిన్నది చేసుకోకుండా ఒక సుదీర్ఘ జీవితం పొడవునా మోసిన మనిషి. ఆమెకు నా నమస్సులు.

అంత్యక్రియలకు పట్టుమని పదిమంది లేరు. విమల నా పక్కనే నిలబడింది.

“ఈ వారం స్నేహ ఫోన్ చెయ్యలేదక్కా” అంది నెమ్మదిగా.

ఏం కాదులే అనబోయాను. మానుకున్నాను.

విమల శవపేటిక వైపే చూస్తూ, “ఇంక ఎవర్ని అడగను?” అంది.