ఒక కోటు, ఐదు పటాలు

కోవిల్‌పట్టి బస్టాండు వెనక ఫ్లెక్సు బ్యానర్లు అచ్చువేసే అంగట్లో మొన్న శుక్రవారం నేను పెట్టిన కేకకు, పక్క కొట్టులో కడలమిఠాయి, అంటే వేరుసెనగ అచ్చులు, తూస్తున్నాయన తక్కెడ వదిలేసి తొంగిచూశాడు. సంగతేమిటంటే, పటాలంలో పనిచేసి, ఇంటికి తిరిగొచ్చి, ఆ తర్వాత కాలం చేసిన మా ఊరి కాల్బలం మనుషుల పేర్లు చెక్కించి మా ఊరి మందిరం గోడకు ఒక రాతిపలక పెడుతున్నారు. ఆదివారం పొద్దున దాని ఆవిష్కరణ. పలక పక్కనే వాళ్ల ఫోటోలన్నీ వరసగా వేసిన ఫ్లెక్సు ఒకటి కట్టాలని, ఈ వేడుకను నెత్తినేసుకున్న మా బావ నిర్ణయించి, ఆ పని నాకు అప్పగించాడు. నేను చదువుకున్నవాణ్ణి గనుక అన్నాడు. ఉద్యోగం దిగి ఖాళీగా ఉన్నవాణ్ణి గనుక అని నాకు తెలుసు. ఐదిళ్లు తిరిగి, ఐదు గోడల మీదినుంచి ఐదు పటాలు దించి, సంచిలో వేసుకుని బస్సెక్కాను. అంగట్లోని అమ్మాయి ఒక్కొక్కదాన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, అన్నిటినీ పక్కపక్కన నిలబెట్టి, కాసేపు చూసి తమిళంలో అడిగింది: "ఏంటి సార్, ముందే వేరే అంగట్లో తలలు మార్పించుకొచ్చారా? ఒళ్లు ఒకటేగా!"

అప్పుడు పెట్టాను కేక. ఐదుగురి ఒంటి మీదా ఒకే కోటు. ఎడమ జేబు పైన అవే మెడళ్లు, అదే వరసలో. రెండో గుండీ ఐదుగురికీ లేదు. లావు మనిషి మీద బిగుసుకుని, సన్నటి మనిషి మీద వేలాడుతూ, ఆ కోటు ఐదుసార్లు నావైపే చూస్తోంది. ఇన్నేళ్లూ వేరువేరు గోడల మీద నిబ్బరంగా ఉన్న పెద్దమనుషులు, ఒక చోట చేరగానే దొరికిపోయారు. గుండె అంత జోరుగా కొట్టుకోకూడదని డాక్టరు నాకు చెప్పాడు గానీ, గుండెకు చెప్పలేదు.

కాల్బలం అనే మాట నాకు ఆలస్యంగా దొరికింది. మా ఇళ్లలో తెలుగు నోటికే గానీ కంటికి కాదు. బడిలో తమిళం, బజారులో తమిళం. రైల్వే ఉద్యోగం నన్ను గూడూరులో పడేశాక, అక్కడివాళ్లు నా మాట విని, "ఏ కాలం నుంచి వస్తున్నారండీ?" అని నవ్వేవారు. పట్టుదలకు పోయి, మీసాలు నెరిసే వయసులో ఓనమాలు దిద్దుకున్నాను. కాల్బలం అన్న మాట కనబడగానే తుపాకి కాల్చే బలమనుకున్నాను. కాలి బలమని, అంటే నడిచి పోరాడే దండని తర్వాత తెలిసింది. తెలిశాక, మా వాళ్లకు ఇంతకన్నా సరైన పేరు లేదనిపించింది. మా చిన్నాయననే తీసుకోండి. పటాలం నుంచి వచ్చాక విరుదునగర్‌లో ఒక నూనె గోదాముకు కాపలా ఉండేవాడు. సెలవు దొరికితే రైల్లో కోవిల్‌పట్టిలో దిగి, ఎట్టయాపురం బస్సు ఎదురుగా నిలబడి హారను కొడుతున్నా పట్టించుకోకుండా, నల్లరేగడి చేల గట్ల వెంట ఊరికి నడిచొచ్చేవాడు. పండగ పలహారాలు ఆయనతోబాటు వచ్చేసరికి పొడయ్యేవి. మేం ఆ పొడినే పలహారమనుకుని పెరిగాం. ఇంకొకాయన తన ఎద్దులకు హిందీ నేర్పాడు. వాటిని కొనుక్కుపోయిన రైతు వారం తిరక్కుండానే వెనక్కి తోలుకొచ్చి, "ఇవి ఆగమంటే ఆగవు, ఏ దేశంవో మీరే చూసుకోండి" అని కట్టుగొయ్యకు కట్టిపోయాడు. మీసాల తాత ఇత్తడి బిందెలను రోజూ చింతపండుతో తోమి తోమి అద్దాలు చేసేవాడు. ఆయన భార్య నీళ్లకు వంగినప్పుడల్లా తన ముఖం చూసి ఉలిక్కిపడేది. ఆదివారమొస్తే ఊరి పిల్లలందరికీ పటాలం క్రాపు చేసే పెద్దాయన ఒకరు. ఆయన చేతికింద తల పెట్టిన నేను ఇప్పుడు బట్టతల మీద చెయ్యి వేసుకుని, ఆయన ముందుచూపును మెచ్చుకుంటాను. ఐదో మనిషి మా బావకు నాయన. యుద్ధం గురించి చెప్పమంటే చలిలో గడ్డకట్టిన పప్పు గురించే చెప్పేవాడు. దాంతో ఆయన ఏదో గొప్ప సంగతి దాస్తున్నాడని ఊరంతా నమ్మేది. అందరికన్నా గట్టిగా నమ్మినవాడు మా బావ. ఆదివారం సభలో ఆ మెడళ్ల గురించి మాట్లాడాలని అద్దం ముందు సాధన కూడా చేస్తున్నాడు.

అంగడి అమ్మాయిని అచ్చువెయ్యొద్దని బతిమాలి, ఆ బొమ్మను ఫోనులో ఎక్కించుకుని, దొరికిన బస్సుకు వేలాడుతూ ఊరికి వచ్చాను. బావ మా చిన్నమ్మ ఇంటి అరుగు మీదే కూచుని ఉన్నాడు. చిన్నమ్మ అంటే ఆ నడిచొచ్చే చిన్నాయన భార్య. ఐదుగురి భార్యల్లో ఇప్పుడు మిగిలింది ఆమె ఒక్కతే. ఫోను చూపించాను. బావ ముఖం మొదట ఎర్రబడి, తర్వాత తెల్లబడింది.

"మెడళ్లు మా నాయనవే. కండిప్పా, ముమ్మాటికీ మా నాయనవే!" అన్నాడు. "తక్కినవాండ్లు ఎరవు దీసుకొని ఉంటారు."

"మా ఇంట్లో మా చిన్నాయనవంటారు బావా. బిందెల తాత మనమరాలు బడిలో దీన్ని గురించి పెద్ద వ్యాసమే రాసింది."

"ఎల్లుండి వచ్చేది ఎవురు? విరుదునగర్ నుంచి వచ్చే ఆపీసరు! పటాలంలో పెద్ద పదవి చూసినాయన. ఒక్క చూపుకే కనిపెట్టేస్తాడు. పోయినవాండ్లు దొంగలనిపించుకొంటారప్పా. ఆ పిల్లకు పోను చెయ్యి. మెడళ్లన్నీ చెరిపేయమను."

అంతవరకూ తలుపు చెక్కకు ఆనుకుని వింటున్న చిన్నమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఆగేదాకా మేమిద్దరం బడిపిల్లల్లా నిలబడ్డాం.

"చెరిపేస్తే ఆయన్ని కూడ చెరిపేసినట్టే కదరా," అంది కళ్లు తుడుచుకుంటూ. "ఆ కోటు మీ నాయనదీ కాదు, నా మొగునిదీ కాదు. కళుగుమలై అక్క మొగునిది."

కళుగుమలై అత్త మాకు వరసకు మేనత్త. ఆమె భర్త, మా మామ, ఆరో మనిషి. ఏ తుపాకికీ దొరకని ఆయన, పెన్షను మీద ఇంటికొచ్చిన ఏడే వానల్లో, సొంత పత్తిచేలో పాము కరిచి పోయాడు. పటాలం పుస్తకంలో అంటించిన గోరంత ఫోటో ఒకటుంటే, ఇల్లు కురిసి అది కూడా నానిపోయింది. మా వైపు ఫోటో అంటే ఉత్త ఫోటో కాదు. తిథి రోజు గోడ మీది పటాన్ని దించి, తుడిచి, బొట్టుపెట్టి, మాల వేసి, దాని ముందే విస్తరి వేస్తాం. పటం లేనివాడికి రెండు మూడేళ్లు దీపం పెడతారు. ఆ తర్వాత ఆ దీపం ఎవరికోసమో ఇంట్లోవాళ్లే మరిచిపోతారు. తక్కిన ఐదుగురికీ అప్పుడు భయం పట్టింది. పటాలంలో ఉన్నన్నాళ్లూ పటం గురించి ఆలోచించని మనుషులు, బతికుండగానే తీయించేసుకుందామని విరుదునగర్ బయల్దేరారు. చిన్నాయన గోదాముకు ఎదురుగానే ఒక ఫోటో స్టూడియో ఉండేది. కానీ వాళ్ల కోట్లు అప్పటికే ఒకటి కుక్కకు పరుపైంది, ఒకటి చేలో పిట్టల్ని బెదిరిస్తోంది, తక్కినవాటి గతి ఎవరూ చెప్పలేదు. చెక్కుచెదరకుండా ఉన్నది పోయినాయన కోటే. వెళ్లి అత్తనడిగారు.

"అక్క ఏమనె తెలుసునా?" అంది చిన్నమ్మ. "'తీసుకొని పోండి. కాని మీలో ఎవురికి మాలె పడినా, అందులో మా ఈనకు ఒక పాలు ఉండాల' అనె. ఐదుగురూ చేతిలో చెయ్యి వేసి చెప్పిరి. నేనే ఇస్త్రీ పెట్టి ఇస్తిని. పోటో దీసుకొని, అక్కడ నూనెలో వేంచిన పరోటా తినేసి, కోటు మింద మరక పడకుండ తెచ్చి ఇచ్చిరి."

"మరి ఇండ్లల్లో ఎందుకు చెప్పలే?" అన్నాడు బావ, గొంతు పూర్తిగా తగ్గించి.

"పిల్లకాయలు వచ్చి 'నాయనా, ఇదంతా నీదా?' అని కండ్లు పెద్దవి చేసి అడిగితే, కాదని చెప్పేకి ఏ నాయనకు నోరొచ్చునురా?"

బావ ఆ మాటకు నవ్వబోయి, సగంలో ఆగిపోయాడు. రాతిపలక మీద ఎక్కించడానికి పేర్లు సేకరించింది తనే. ఎలా సేకరించాడు? ఇల్లిల్లూ తిరిగి, గోడ మీద పటాలం పటం ఉన్నవాళ్లవల్లా రాసుకొచ్చాడు. గోడ మీద లేని మనిషి పలక మీదికి రాలేదు. ఐదుగురి ఒంటి మీదా ఉన్నాయన పేరే లేకుండా పలక చెక్కడం అయిపోయింది! బావ చెప్పులు తొడుక్కుని, అడుగున జాగా మిగిలిందో లేదో చూడాలని రాతిపనివాడి దగ్గరికి పరిగెత్తాడు. ఆ వయసులో ఆ ఒళ్లుతో బావ పరిగెత్తడం చూడటానికే వీధిలో జనం బయటికొచ్చారు.

మర్నాడు నేను కళుగుమలై బస్సెక్కాను. అత్త తన కూతురి ఇంట్లో ఉంటుంది. ఒకప్పుడు అగ్గిపెట్టెలు చేసిన చేతులు ఇప్పుడు ముందర చేట పెట్టుకుని మిరపకాయలకు తొడిమలు తుంచుతున్నాయి. పలక అడుగున మామ పేరుకు జాగా దొరికిందనీ, ఆదివారం రావాలనీ చెప్పాను. ఆమె తలెత్తలేదు.

"తక్కినవాండ్ల పేర్లు ఎప్పుడు కొట్టించితిరి?"

"పోయిన వారం అత్తా."

"మా ఈనది?"

"నేడు."

"ఓహో. కోటు గుర్తుండె, కోటులో మనిషి గుర్తులేకపాయె." ఒక తొడిమ తుంచి నా కాళ్ల దగ్గర పడేసింది. "పేరు ఎవురైనా కొట్టిస్తారప్పా. నాకు పేరొద్దు. ఆ ఐదుగురి వరసలో మా ఈన ఉండాల. ఉంటే వస్తాను. లేకుంటే మీ ఐదుగురికే వేసుకోండి మాలె. వేసేకి ముందర ఆ కోటు విప్పి నాకు ఇచ్చేసి వేయండి."

ముఖం లేని మనిషిని వరసలో ఎలా నిలబెట్టాలి? వీధి చివర టీకొట్టు దగ్గర నిలబడి ఫ్లెక్సు అమ్మాయికి ఫోను చేశాను. "అమ్మా, ఇంకో బొమ్మ పెట్టు. కోటు ఉంచి తల తీసెయ్."

"ఎవరి తల సార్?"

"మా చిన్నాయనది తియ్యి. మా ఇంటి తలైతే గొడవుండదు."

టీ పోస్తున్నాయన అది విని, నా గ్లాసు నాకు కాస్త దూరంగా పెట్టాడు. అమ్మాయి మాత్రం ఎంతో జాగ్రత్తగా చేసింది. సాయంత్రానికి ఫ్లెక్సు చేతికొచ్చింది. ఐదుగురి నడుమ ఆరో కోటు. కాలరు పైన ముఖం ఉండాల్సిన చోట లేత నీలం. బావ దాన్ని చూసి దిష్టిబొమ్మలా ఉందేమోనన్నాడు. "ఉండనీ, మీ అందరి దిష్టీ పోతుంది," అంది చిన్నమ్మ.

ఆదివారం పొద్దున ఆఫీసరుగారు చెప్పిన వేళకంటే ముందే వచ్చేశాడు. అత్త రాలేదు. నేను రోడ్డుకూ మందిరానికీ మధ్య పరుగులు తీస్తున్నాను. నాలుగో పరుగులో వెనక్కి వచ్చేసరికి, ఆయన చేతులు వెనక్కి కట్టుకుని ఫ్లెక్సు ముందు నిలబడి ఉన్నాడు. కళ్లద్దాలు సవరించుకుని, "అందరికీ ఒకే మెడళ్లా?" అన్నాడు. బావ నోరు తెరిచాడు. అద్దం ముందు సాధన చేసిన ఉపన్యాసంలో ఒక్క ముక్క కూడా బయటికి రాలేదు.

అప్పుడే మందిరం ముందు ఆటో ఆగింది. అత్త తన కూతురి భుజం పట్టుకుని దిగి, జనాన్ని పక్కకు తప్పించుకుంటూ తిన్నగా ఆయన ముందుకొచ్చి, కొంగుముడి విప్పి, లోపలున్న మెడళ్లను ఆయన చేతిలో పోసింది. "ఇవి మా ఇంటాయనవి," అంది, తమిళంలో, ఒక్క తడబాటు లేకుండా. "వీళ్లు నన్ను అడిగి వేసుకున్నారు. నేను ఇచ్చి వేసుకోమన్నాను. తప్పుంటే నాది."

ఆఫీసరుగారు ఆ మెడళ్లను ఒక్కొక్కటిగా తిప్పి అంచున చెక్కిన అక్షరాలు చదువుకున్నాడు. ఐదు ముఖాలనూ, ఆరో కోటునూ మళ్లీ చూశాడు. ఉన్నట్టుండి భుజాలు కదిలేలా నవ్వాడు. "కాల్బలంలో ఇది తప్పు కాదమ్మా, అలవాటు. ఒక దుప్పట్లో ముగ్గురం పడుకున్నవాళ్లం మేం," అన్నాడు. తర్వాత ఆ మెడళ్లు మళ్లీ ఆమె దోసిట్లో పెట్టి, మాలలు ఆరో కోటు నుంచి మొదలుపెట్టమన్నాడు. జనం ఒక్కసారిగా గోల. ఎవరో ఈల వేశారు. చిన్నమ్మ అత్తను వాటేసుకుని ఏదో తిట్టింది, అత్త తిరిగి తిట్టింది, ఇద్దరూ ఏడ్చారు.

మాల అత్త చేతికే ఇచ్చారు. ఆమె బల్ల ఎక్కి, కాలరు మీదుగా మాల తగిలించి, ఆ ఖాళీ నీలం వైపు కాసేపు చూసింది. బాగాలేదంటుందేమోనని నేను బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను.

"ఈనే," అంది చివరికి మావైపు తిరిగి. "తల లేకుంటే ఏమి? ఉన్నప్పుడు మాత్రం నా మాట యాడ వినె? పామో పురుగో ఉంటుంది, చెప్పు తొడుక్కొని పో అంటిని. వినెనా?"

తర్వాత బావ మైకు నా చేతిలో పెట్టాడు. మామ పోయి ఎన్నేళ్లయిందో ముందే లెక్కవేసి, అదే మొదటి మాటగా చెబుదామని పెట్టుకున్నాను. బల్ల మీద అత్త ఇంకా ఆయన మీద గొణుగుతూనే ఉంది, ఇప్పుడే చేలోకి బయల్దేరిన మొగుణ్ణి గడపలోంచి తిట్టినట్టు. అది వింటుంటే నా లెక్క అబద్ధంగా తోచి, ఆ ఏళ్ల సంఖ్య చెప్పకుండానే మైకు తిరిగి ఇచ్చేశాను.