బర్మా పార్లమెంటు సభ్యులకు ఒక అర్జీ

మా అన్నయ్య పీరుసాహెబు దగ్గరనుంచి ఉత్తరం వచ్చి అప్పటికి రెండేళ్ళు దాటింది. బర్మాలో బస్సీను అనే ఊళ్ళో బియ్యం మిల్లు ఇంజను నడిపేవాడు. మా వైపు బర్మా వెళ్ళడాన్ని రంగం వెళ్ళడం అంటారు. చందర్లపాడులో మా నాన్న దూదేకి పరుపులు కుట్టేవాడు. ఆ పని మీద ఇద్దరు కొడుకులు బతకలేరని అన్నయ్య పద్దెనిమిదో ఏట రంగం ఓడ ఎక్కాడు. నేను నాలుగక్షరాలు నేర్చుకుని నందిగామలో బడిపంతులునయ్యాను.

చివరి ఉత్తరంలో అన్నయ్య రాయించింది ఇంతే. మిల్లు పక్కనున్న ఇళ్ళు తగలబడ్డాయి, ఆ మంటల్లో విదేశీయులకు అక్కడి సర్కారు ఇచ్చే కార్డు కాలిపోయింది, కార్డు చూపనిదే ఓడ టికెట్టు ఇవ్వరు, కొత్తది దొరకగానే బయల్దేరతాను. ఆ తర్వాత మేం ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబు లేదు.

ఫిబ్రవరిలో ఒకనాడు బళ్ళో పత్రిక తిరగేస్తుంటే ఒక వార్త కనిపించింది. బర్మా పార్లమెంటు సభ్యులు నలుగురు మన దేశంలో స్నేహయాత్ర చేస్తున్నారట. హైదరాబాదు నుంచి కార్లలో బెజవాడ వస్తూ, దారిలో జగ్గయ్యపేట బౌద్ధస్తూపం చూస్తారట. సభ్యుల పేర్ల పక్కన వాళ్ళ ఊళ్ళ పేర్లు వేశారు. ఒకాయనది బస్సీను.

ఆ సాయంత్రమే చందర్లపాడు వెళ్ళి మా వదిన మస్తానమ్మకు చెప్పాను. వదిన బస్సీనులో ఆరేళ్ళు కాపురం చేసింది. యుద్ధం రోజుల్లో బాంబులు పడుతుంటే అన్నయ్య ఆమెను ఓడెక్కించి పంపేశాడు. యుద్ధమయ్యాక ఒకసారి వచ్చి ఏడాది ఉండి, ఇక్కడ పని దొరక్క మళ్ళీ వెళ్ళిపోయాడు. పిల్లలు లేరు. నేను చెప్పింది విని వదిన, “నాకింకా వాళ్ళ బాస వచ్చు కాశిం. నేనే అడుగుతా” అంది.

నందిగామ కోర్టు దగ్గర టైపు కొట్టే ఆయన చేత ఇంగ్లీషులో అర్జీ కొట్టించాను. అన్నయ్య పేరు, తండ్రి పేరు, మిల్లు పేరు, చివరి ఉత్తరంలో ఉన్న ఇంటి గుర్తులు అన్నీ రాయించాను. ఇతనికి కార్డు ఇప్పించి స్వదేశం పంపవలసిందని ప్రార్థన. అసలు ప్రతి వదిన చేతికిచ్చి, కార్బన్ ప్రతి నా చొక్కా జేబులో పెట్టుకున్నాను.

అనుకున్న రోజు పొద్దున ఏడున్నరకు నందిగామలో జగ్గయ్యపేట బస్సెక్కాం. నయాపైసలు వచ్చినా కండక్టరు ఇంకా అణాల్లోనే టికెట్టు అడుగుతున్నాడు. రోడ్డుకి రెండువైపులా మిరపకాయలు ఆరబోశారు. ఆ ఘాటుకి బస్సులో అందరూ తుమ్ములే. మా ముందు సీట్లో కూర్చున్న మిరపకాయల వ్యాపారి వెనక్కి తిరిగి, “బర్మావాళ్ళని చూట్టానికేనా మాస్టారూ? బుద్ధుడు మనవాడు, బియ్యం వాళ్ళవి. ఇంతకన్నా చుట్టరికం ఏం కావాలండీ?” అన్నాడు. బస్సంతా నవ్వింది. వదిన మాత్రం పెదవులు కదుపుతూ బర్మా మాటలు లోలోపల చెప్పుకుంటోంది. మధ్యలో నావైపు తిరిగి, “కాలిపోయింది అనటానికి మాట గుర్తురావట్లా” అంది. చిల్లకల్లు దాటాక గుర్తొచ్చింది. ఆ ప్రయాణం మొత్తంలో ఆమె ముఖాన వెలుగు చూసింది అప్పుడొక్కసారే.

తొమ్మిదింటికి జగ్గయ్యపేటలో దిగాం. బస్టాండు పక్క హోటల్లో నేను ఇడ్లీ తిన్నాను. వదిన కాఫీ కూడా తాగలేదు. స్తూపం ఊరి చివర బోడు అనే చిన్న గుట్ట మీద ఉంది. నడిచి వెళ్ళేసరికి తాటాకు పందిరి, మామిడి తోరణాలు, రెండు దేశాల కాగితం జెండాలు పట్టుకుని బారులు తీరిన బడిపిల్లలు. ఈ స్తూపం చూడబోయేవారికి ఒక మాట చెప్పాలి. ఇప్పుడక్కడ మిగిలింది ఇటుకల గుండ్రం, కొన్ని నాపరాళ్ళు. బొమ్మలు చెక్కిన పలకలు ఎప్పుడో మద్రాసు తరలిపోయాయి.

పదింటికి రావలసిన కార్లు పదకొండున్నరకు వచ్చాయి. నాలుగు కార్లు, వెనక ఒక జీపు. ఊరి పెద్ద స్వాగతం చదివాడు. ఢిల్లీ నుంచి వెంట వచ్చిన అధికారి పక్కన నిలబడి ఒక గుమాస్తా దాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు. స్నేహం, సోదరభావం, వేల ఏళ్ళ బంధం అన్న మాటలు ఎన్నిసార్లు వినిపించాయో లెక్కలేదు. పేర్లు చదివినప్పుడు బస్సీను సభ్యుడెవరో వదినే గుర్తుపట్టింది. అరవై ఏళ్ళుంటాయి. పొట్టి మనిషి, పట్టు లుంగీ, తలకు గులాబిరంగు పాగా. ఆయన చెప్పులు విడిచి, ఇటుకల ముందు మోకాళ్ళ మీద కూర్చుని మూడుసార్లు దణ్ణం పెట్టాడు. లేచి వస్తుంటే వదిన జనానికి అడ్డంగా కట్టిన తాడు కిందినుంచి దూరి ఎదురెళ్ళింది.

“సయా” అని పిలిచింది. పెద్దవాళ్ళను వాళ్ళు అలా పిలుస్తారు. ఆ తర్వాత గడగడా బర్మా భాషలో మాట్లాడింది.

పట్టుకోబోయిన పోలీసు ఆగిపోయాడు. ఆ పెద్దాయన ముఖం చూడాలి! తన ఊరి మనిషి కనిపించినంత సంతోషంతో రెండు చేతులూ పట్టుకుని ఏదో అడిగాడు. వదిన బదులు చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు. ఫోటోలు తీసేవాడు పరుగెత్తుకొచ్చాడు. వదిన కొంగు ముడి విప్పి అర్జీ తీసి ఆయన చేతిలో పెట్టింది.

ఆయన మడత విప్పలేదు. వెనకనుంచి వాళ్ళ కార్యదర్శి, కళ్ళజోడు యువకుడొకడు వస్తున్నాడు. పెద్దాయన అతన్ని ఒకసారి చూసి, గొంతు తగ్గించి వదినతో నాలుగు మాటలన్నాడు. నవ్వు ముఖం అలాగే ఉంది. కళ్ళు మాత్రం నవ్వడం లేదు. వదిన చెయ్యి చాపి కాగితం వెనక్కి తీసుకుంది. ఆయన చేతులు జోడించి కారువైపు వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళ ప్రయత్నం, చేతిదాకా వచ్చినదాన్ని ఈమె వెనక్కి తీసుకోవడమేమిటి?

“ఎందుకు తీసుకున్నావు వదినా?”

“ఇక్కడ కాదు కాశిం. బస్సెక్కాక చెప్తా.”

“అంత పెద్దవాణ్ణి చూసి బెదిరిపోయావా?”

“ఇక్కడ కాదన్నానుగా. పద” అంది. ఊరి ఆడవాళ్ళు చుట్టుముట్టి, బర్మా భాష ఎక్కడ నేర్చావని ఆమెను అడగసాగారు. కార్లు కదులుతున్నాయి. చివరి కారులో ఢిల్లీ అధికారి ఎక్కుతున్నాడు. నేను పరుగెత్తి, నా జేబులోని కార్బన్ ప్రతి అతని చేతిలో పెట్టి, నాకొచ్చిన ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పాను. అతను తలూపి కాగితం తోలుసంచిలో వేసుకున్నాడు. అప్పుడు టైము పన్నెండూ నలభై. ఆమె చెయ్యలేనిది నేను చేశానని గర్వపడ్డాను కూడా.

రెండున్నరకు తిరుగు బస్సు దొరికింది. అది బెజవాడదాకా పోయేది. కిటికీ పక్కన వదినను కూర్చోబెట్టి ఇప్పుడు చెప్పమన్నాను. ఆమె బయటికి చూస్తూనే చెప్పింది.

“కాయితం మీద పేరుందా అనడిగాడు. ఉందన్నా. అయితే వెనక్కి తీసుకో తల్లీ, నీ భర్త పేరు నాకు చెప్పొద్దు అన్నాడు. మాకొచ్చిన ప్రతి కాయితం ఆఫీసుకి పోవాల్సిందే, ఆఫీసువాళ్ళు ముందు పోలీసుల్ని పంపుతారు, కార్డు లేనివాణ్ణి పట్టుకుంటే జైలే, ఆ తర్వాత ఓడెక్కిస్తారో ఏం చేస్తారో నేను చెప్పలేను అన్నాడు. బస్సీనులో అట్టాంటివాళ్ళు చాలామంది ఉన్నారంట. ఎవరో ఒకరి ఇంట్లో తలదాచుకుంటున్నారంట. ఆయనకి తెలిసే, తెలీనట్టు ఉంటున్నాడంట. నీ భర్త బతికుంటే వాళ్ళల్లోనే ఉంటాడు, అడక్కుండా ఉండటమే అతనికి మేలు అన్నాడు.” కొంగు సర్దుకుని, “పాపం, మంచాయన. కార్డులవాళ్ళ మీద వాళ్ళ సభలో లేచి అడిగాడంట. ఎవరూ పలకలేదంట” అంది.

 బస్సు అనాసాగరం దగ్గరకి వచ్చాక చెప్పాను.

“వదినా, నేనొకటి ఇచ్చాను.”

“ఏంటి ఇచ్చింది?”

“కార్బన్ ప్రతి. కార్లు కదిలేటప్పుడు, ఆ ఢిల్లీ ఆఫీసరుకి.”

ఆమె నావైపు తిరిగింది. “పేరుందా దాంట్లో?”

“ఉంది.”

“ఇంటి గుర్తులు?”

“అవీ ఉన్నాయి.”

వదిన ముందు సీటు కడ్డీ రెండు చేతులతో పట్టుకుని దానిమీద నుదురు ఆన్చింది. నందిగామలో బస్సు ఆగితే మేం దిగలేదు. కండక్టరును పిలిచి బెజవాడకు టికెట్లు పొడిగించుకున్నాను. కీసర, కంచికచర్ల, ఇబ్రహీంపట్నం. ప్రతిచోటా బస్సు ఆగుతోంది, ఎక్కేవాళ్ళు బేరాలాడుతున్నారు, బస్తాలు పైకెక్కిస్తున్నారు. కంచికచర్లలో డ్రైవరు టీకి దిగితే వదిన కిందికి దిగి అతని ముందు నిలబడి, “బాబూ, కొంచెం తొందరగా పోనియ్యవా” అంది. అతను గ్లాసు సగంలో పెట్టేసి వచ్చాడు.

బెజవాడలో దిగేసరికి అయిదూ నలభై. రిక్షాలో బర్మావాళ్ళు దిగిన అతిథిగృహానికి వెళ్ళాం. వరండాలో ఢిల్లీ అధికారి ఈజీచెయిర్లో కూర్చుని సిగరెట్టు కాలుస్తున్నాడు. సభ్యులంతా అయిదూ పదికి మద్రాసు బండెక్కారని చెప్పాడు. పక్కనున్న గుమాస్తా మా మాటలు అతనికి ఇంగ్లీషులో చెప్పాడు. అతను వదినను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. పొద్దుటి కార్యక్రమమంతటికీ మీరే శోభ తెచ్చారన్నాడు. మా కాగితం మరచిపోలేదని, బండెక్కేలోపే వాళ్ళ కార్యదర్శికి స్వయంగా అప్పగించానని చెప్పాడు.

“అయ్యా, అది వెనక్కి తెప్పించండి. మద్రాసులో ఆపించండి” అన్నాను.

అతను ఆశ్చర్యపోయాడు. గుమాస్తా నాతో విసుగ్గా, “ఇచ్చిన అర్జీ వద్దనుకుంటే ఇంకో అర్జీ పెట్టాలి మాస్టారూ. ఎందుకొద్దో కారణం రాయాలి. దొరగారు దాన్ని కూడా పంపుతారు” అన్నాడు.

కారణం ఏమని రాయాలి? మా అన్న దాక్కుని ఉన్నాడని రాయాలా? మీ సభ్యుడొకడు చెప్పవద్దన్నాడని రాసి ఆయన్నీ ముంచాలా? వదిన నా చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. అధికారి వెనకనుంచి ధైర్యంగా ఉండమన్నాడు. రెండు దేశాల స్నేహం ఇంత బాగా ఉన్నప్పుడు మీ పని తప్పక అవుతుందన్నాడు. అతను కపటంతో అన్నాడని నేననుకోను.

ఆ రాత్రికి స్టేషను దగ్గర సత్రంలో ఉన్నాం. గదులు శుభ్రంగానే ఉన్నాయి. మంచినీళ్ళకు మాత్రం వీధి పంపు దగ్గరికి పోవాలి. వదిన గోడవైపు తిరిగి పడుకుంది.

పొద్దున ఆరుంబావుకు నందిగామ బస్సు. పక్క సీటాయన పత్రిక విప్పాడు. మూడో పేజీలో ఫోటో. పెద్దాయన, వదిన చేతులు పట్టుకుని నవ్వుతున్నారు. తమ అతిథిని ఆయన మాతృభాషలో స్వాగతించిన జగ్గయ్యపేట వనిత అని కింద రాశారు. వదిన ఊరు కూడా వాళ్ళకు తెలియదు. పక్క సీటాయన ఫోటోను, వదినను మార్చి మార్చి చూసి, “అమ్మా, ఇది మీరేనాండీ? ఎంత అదృష్టమండీ!” అన్నాడు. వదిన అవునని తలూపింది. పత్రిక ఆమె చేతికివ్వబోతే వద్దని చెయ్యి అడ్డంపెట్టింది.

ఇబ్రహీంపట్నం దాటాక నేను ఏడ్చాను. “నీ మంచికే అనుకున్నాను వదినా” అన్నాను.

“తెలుసు” అంది. “నువ్వు మంచికే ఇచ్చావు. ఆయనా మంచికే వద్దన్నాడు. ఆ దొరా మంచికే అందించాడు. ఇంక ఎవర్ని అనమంటావు?”

ఆ దారిలో పోయేవారికి బస్సుల ఇబ్బంది లేదు. స్తూపం చూడటానికి రెండు గంటలు చాలు. ఊరివాళ్ళు మర్యాదస్తులు. నేను చూసినంతలో ఆ స్నేహయాత్రలో చెడ్డవాడు ఒక్కడూ లేడు. నాకు దిక్కుతోచకుండా చేసింది అదే.

నందిగామలో దిగి చందర్లపాడు బస్సుకోసం నిలబడ్డప్పుడు వదిన నావైపు చూడకుండా అంది. “కాశిం, రంగం నుంచి ఏ ఉత్తరమొచ్చినా నాకు చదవొద్దు. వచ్చిందని కూడా చెప్పొద్దు. ఆయన ఎవరింట్లోనో దాక్కుని ఉన్నాడనే నేననుకుంటా.”

సరేనన్నాను. ఆ మాట ఇప్పటికీ తప్పలేదు. తప్పవలసిన అవసరం నాకు రాలేదు. ఆ తర్వాత ఏ ఉత్తరమూ రాలేదు.