పాత ప్రతుల్లో లేని కథ

స్వాతంత్ర్యం వచ్చిన నాలుగైదేళ్లకు నాకు ఉదయగిరిలో మిషను వాళ్ల ఆడపిల్లల బడిలో తెలుగు టీచరు ఉద్యోగం దొరికింది. మాది ఆత్మకూరు బజారులో పప్పులు, బెల్లం అమ్మే అంగడి. కోమటింటి పిల్ల మిషను బడిలో పనిచేయడమేమిటని బంధువులు మూతులు విరిచారు. మా నాయన పట్టించుకోలేదు. బస్సెక్కించేటప్పుడు మాత్రం ఒక మాట చెప్పాడు.

"పిల్లకాయలకు చదువు చెప్పు. వాళ్ల పుస్తకం నెత్తికెక్కించుకోబాక. రెండు వేల ఏండ్లు చేతులు మారిన రాత అది. ఎవురు ఏం కలిపినారో, ఏం తీసేసినారో ఎవురికి తెలుసు?"

ఉదయగిరిలో మా మేనమామ ఇంట్లో ఉండేదాన్ని. బడిని ఆనుకునే చర్చి. అక్కడి పాదిరిని ఊరంతా అయ్యగారనే పిలిచేది. సీతారామపురం వైపు మెట్ట పల్లెలో గొర్రెలు కాసుకునే ఇంట పుట్టి, మద్రాసు దాకా వెళ్లి గ్రీకు భాష నేర్చుకుని వచ్చిన మనిషి. ఒకరోజు మాటల్లో మా నాయన అన్నది ఆయనతో అనేశాను. కోపం వస్తుందేమోనని అన్న తరవాత భయపడ్డాను కూడా. ఆయన మాత్రం, "అడగాల్సిన మాటే అడిగినారమ్మా మీ నాయన. ఆయన్ను నేను చూడాల. మీ ఇంట్లో తాటాకు పుస్తకాలు ఏమన్నా ఉండాయా?" అన్నారు.

ఉంది. కొండమీద దేవుడు వెలసిన కథ. మా తాతల కాలం నుంచి నాయన గూట్లో ఉండేది. అదే కథ ఇంకో ప్రతి మా మేనమామ ఇంట్లోనూ ఉంది. రెండూ ఎవరెవరో ఎప్పుడెప్పుడో రాయించుకున్నవి. "మీ మామదాన్ని అడిగి తీసుకురామ్మా" అన్నారు అయ్యగారు. ఆయనకు ఆత్మకూరులో పని పడిన వారం, ఆ కట్టను గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని ఆయనతో పాటు నేనూ బస్సెక్కాను.

మధ్యాహ్నం గిరాకీ తగ్గాక అంగడి వసారాలో చాప వేశారు. గీసిన అక్షరాలు కనపడేలా ఆకుల మీద మసి రుద్ది, మా ప్రతి నాయన చదువుతుంటే, మామ ప్రతి నేను చదివాను. అయ్యగారు మధ్యలో కూర్చుని విన్నారు. మొదట్లోనే తేడాలు బయటపడ్డాయి. ఆవు రాతిమీద పాలు పోసింది అని మాదాంట్లో ఉంటే, మామదాంట్లో వాలు పోసింది అని ఉంది.

"చూసినారా? ఇదే నేను చెప్పింది" అన్నాడు నాయన.

"చూసినాను శెట్టిగారూ. ఇప్పుడు పోసింది పాలా, వాలా?"

"ఇదేం మాట? పాలే."

"అంటే తప్పు కనపడినాది, ఒప్పూ కనపడినాది. ఇంకా చదవండి."

కొంత దూరం వెళ్లాక నాయన చదివాడు. గొల్లవాడు ఆవును చూసెను, భోరున ఏడ్చెను. నా చేతిలోని ఆకులో ఆ రెంటికీ మధ్య ఇంకో మాట ఉంది. గొల్లవాడు ఆవును చూసెను, దాని వీపున నిన్న తాను కొట్టిన వాతలు చూసెను, భోరున ఏడ్చెను.

నాయన ఆకు కింద పెట్టేశాడు.

"మళ్లీ చదువు" అన్నాడు. చదివాను. "పాలు ఎగ్గొడతా ఉండాదని కొట్టినాడు. అది దేవుడికి పోస్తా ఉండాది" అని తనలో తాను అనుకున్నాడు. తరవాత అయ్యగారి వైపు తిరిగాడు. "చిన్నప్పటినుంచి చదవతా ఉండాను. వాడు ఎందుకు ఏడ్చినాడో ఈ పొద్దుదాకా నాకు తెలీదు."

ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. మా నాయన కళ్లలో నీళ్లు అదే మొదటిసారి చూడడం.

అయ్యగారు మెల్లగా వివరించారు. రాసేవాడి చూపు మొదటి 'చూసెను' మీది నుంచి రెండో 'చూసెను' మీదికి దూకింది, మధ్యలో మాట జారిపోయింది. సువార్తలకు, అంటే ప్రభువు కథ చెప్పే నాలుగు పుస్తకాలకు, నకళ్లు రాసిన చేతులూ అలాంటివే. కానీ అందరూ ఒకే చోట పొరబడరు. ఒకచోట జారింది ఇంకోచోట నిలుస్తుంది. ప్రతులు ఎక్కువైతే తప్పులు ఎక్కువవుతాయి, నిజమే. వాటిని పట్టుకునే దారులూ ఎక్కువవుతాయి. దేశదేశాల్లో, వేరువేరు కాలాల్లో రాసిన వేల ప్రతులను పెద్దలు ఇలాగే పక్కపక్కన పెట్టి చదివారట. మన కాలంలోనే ఐగుప్తు, అదే ఈజిప్టు నుంచి ఒక రెల్లుకాగితం ముక్క బయటపడిందట. నాలుగో సువార్తలోది. అరచెయ్యంతైనా లేదు, రెండు వైపులా రాత. ఆ సువార్త పుట్టిన కొద్ది తరాలకే రాసినదని పండితులు లెక్క కట్టారట. దాని మీద మిగిలిన మాటలు మనం చదువుకునే మాటలతో సరిపోయాయట.

ఆ చిన్న ముక్క అన్ని వందల ఏళ్లు ఇసుకలో పడి ఉండడం తలచుకుంటే నాకు ఒళ్లు గగుర్పొడిచింది. ఏ రాజూ దాచలేదు దాన్ని. వాన పడని నేల దాచింది.

"అయితే అంతా జరిగినట్టేనా?" అడిగాడు నాయన.

"అది వేరే మాట శెట్టిగారూ. వాళ్లు రాసింది మన చేతికి చాలావరకు సరిగ్గానే చేరిందని చెప్పగలను. జరిగిందని నమ్మేది నా విశ్వాసం. ఈ ప్రతుల లెక్క దాంట్లో కలపను. రాతలో మొదట లేనివీ ఉండాయి. తప్పుచేసిందని ఒకామెను రాళ్లతో కొట్టబోతే ప్రభువు ఆపిన కథ ఉండాది చూడండి, అది పాత ప్రతుల్లో లేదు. తరవాత వచ్చి చేరింది."

"ఈ మాట మీ వాళ్లకు చెప్పినారా?"

"లేదు" అన్నారాయన తల దించుకుని. "ఆ కథ పట్టుకుని బతకతా ఉండే మనిషి ఒకామె ఉండాది."

ఆమె ఎవరో నాకు తెలుసు. మా బడి హాస్టల్లో వంటామె. వింజమూరు దగ్గర పల్లెలో ఆమె మీద నింద వేసి, నిజంగానే రాళ్లు రువ్వి తరిమారు. నుదుటి మీద మచ్చ ఇంకా ఉండేది. చర్చిలో మొదటిరోజు ఆమె విన్నది ఆ కథేనట.

ఉదయగిరికి తిరిగి వచ్చిన తరవాత ఒక ఆదివారం నేను హాస్టలు పిల్లలను వెంటబెట్టుకుని చర్చిలో వెనక కూర్చుని ఉన్నాను. అయ్యగారు ఆ కథ తీసి చదివారు. పుస్తకం మూసి, నాయనతో చెప్పినదంతా దాచకుండా చెప్పారు. జనం గుసగుసలాడారు. వంటామె లేచి, ఎవరివైపూ చూడకుండా బయటికి వెళ్లిపోయింది.

ఆరాధన కాగానే ఆయన నేరుగా వంటింటి గడప దగ్గరికి వచ్చారు. ఆమె పొయ్యి ముందు కూర్చుని ఉంది.

"అట్టయితే నన్ను కొట్టబాకండి అని చెప్పింది ఎవురయ్యా?" అంది.

ఆయన గడప మీదే కూర్చుండిపోయారు.

"జరగలేదని నేను చెప్పలేదు తల్లీ. ఆ పుస్తకంలో మొదట రాయలేదని చెప్పినాను. అంతకు ముందే జనం నోట ఉన్నట్టుండాది. విన్నోళ్లకు దాన్ని పోగొట్టుకోను మనసు రాలేదేమో. నాకు తెలిసింది ఇంతే. తెలియంది తెలుసునని నీకు చెప్పలేను."

ఆమె లేచి, ఆయనకు మజ్జిగ ఇచ్చింది.

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు నాయనకు ఇదంతా చెప్పాను. బెల్లం తూస్తున్న మనిషి తక్కెడ దించేశాడు. "తన మనుషుల ఎదరే చెప్పినాడా! లేని సరుకు లేదని చెప్పే అంగడాయన, ఉండాదంటే నమ్మొచ్చు." నాయన చివరిదాకా తన దేవుణ్ణే కొలిచాడు. కానీ అయ్యగారు ఆత్మకూరు వచ్చిన ప్రతిసారీ వసారాలో చాప పడేది.

ఎండాకాలం ముగిసేలోపు ఒక ఆదివారం వంటామె చర్చిలో లేచి నిలబడింది. ఆ కథ ఇంకోసారి చదవమని అడిగింది. చదివే ముందు ఆయన, ఇది పాత ప్రతుల్లో లేదని మళ్లీ చెప్పారు. ఆమె తెలుసన్నట్టు తల ఊపింది. ఆయన చదవడం మొదలుపెట్టారు. చదువు రాని ఆమె, ఆయన కన్నా ముందే ఒక్కొక్క మాటా పైకి చెబుతోంది. కొంతసేపటికి ఆయన చదవడం ఆపి, తానూ విన్నారు.