గడప దాటేటప్పటి మాట

మొన్న సాయంత్రం మా తెనాలి గ్రంథాలయం వాళ్లు నా ఫోనుకు ఒక లింకు పంపించి, మా సేవలు మీకు ఎంతవరకు నచ్చాయో స్టార్లు ఇచ్చి చెప్పండి అన్నారు. ఉద్యోగమంతా పాఠకుల్ని ఇలాంటి ప్రశ్నలే అడుగుతూ గడిపినదాన్ని, ఎదురు నన్నే అడిగేసరికి పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు బిడియపడ్డాను. కళ్లద్దాలు వెతుక్కుంటూ ఉండగా రేపల్లె బండి కూత వినిపించింది. ఇక నా మనసు ఇంట్లో ఎక్కడుంటుంది!

గ్రంథాలయ కొలువులో చేరిన కొత్తల్లో నేను బాపట్లలో ఉండేదాన్ని. అక్కడి కాలేజీ పిల్లలు ఫలానా పుస్తకం ఎందుకు లేదని నిలదీసేవారు, కాబట్టి అడిగితే జనం ఉన్నదున్నట్టు చెబుతారనే భ్రమలోనే రేపల్లె శాఖకు బదిలీ అయి వెళ్లాను. తెనాలిలో కాపురం, రేపల్లెలో ఉద్యోగం. వానాకాలంలో రెండు వైపులా నాట్లు వేసిన మళ్లు, ఆ మళ్లలో మబ్బులు, బండి నీళ్ల మీద తేలుతూ పోతున్నట్టే ఉండేది, ఒళ్లో పుస్తకం తెరిచి ఉన్నా పేజీ తిరిగేది కాదు. మీలో ఆ బండిలో తిరిగినవాళ్లుంటే ఈపాటికి కిటికీ పక్కన కూర్చునే ఉంటారు. సరే, చెప్పాల్సింది బండి గురించి కాదు.

ఆ గ్రంథాలయంలో నాకు ప్రాణమైన వేళ దీపాలు పెట్టాక వచ్చేది. బల్లల మీద పసుపు వెలుగు, ఫ్యాను గాలికి రెపరెపలాడే పత్రికలు, అందరూ కలిసి ఒకే కల కంటున్నట్టు ఓ మౌనం. సరిగ్గా ఆ వేళకే గండం వచ్చింది. సాయంత్రం పూట తెరిచి ఉంచడం అవసరమో కాదో పాఠకుల్నే అడగండి, అక్కర్లేదంటే తీసేద్దాం అని పైనుంచి తాఖీదు. మా గ్రంథపాలకులు, మేము పెద్దసారు అనేవాళ్లం, ఎంతో శ్రద్ధగా ప్రశ్నలు తయారుచేశారు. మొదటి ప్రశ్నే, సాయంత్రం కూడా మేము గ్రంథాలయం తెరిచి ఉంచాలని మీరు కోరుతున్నారా అని. అడిగి రాసుకునే పని నాది.

మన వైపు మనుషుల సంగతి మీకు తెలియనిదా! విందులో కూరకు ఉప్పు లేకపోయినా అమృతంలా ఉందండి అనే జాతి మనది. ఎవరిని అడిగినా ఒకటే మాట, “అబ్బే, మా కోసం మీరు ఇబ్బంది పడకండమ్మా, పొద్దుపోయాక బండెక్కి పోవాలి కదా!” నా మీద జాలితో చెప్పిన ఆ జవాబులే కాగితమెక్కేసరికి, సాయంత్రాలు అక్కర్లేదని తేలుతోంది. పెద్దసారు మొహం చిన్నబోయింది. మా పాఠకులు మంచితనంతోనే మా తలుపులు మూయించేలా ఉన్నారు.

మసీదు వీధిలో బట్టలు కుట్టే అక్క ఒకామె వారపత్రికల కోసం వస్తుండేది. ఆమె కూడా అదే జవాబు చెప్పింది. నేను కాగితం మడిచి, పెన్నుకు మూత పెట్టి, మర్యాదకు ఆమెతో గుమ్మం దాకా వెళ్లాను. మనవాళ్లు గంటసేపు కూర్చున్నా వచ్చిన పని చెప్పరు, వెళ్లేటప్పుడు గడప దగ్గర చెబుతారు. ఆమె కూడా ఒక చెప్పు తొడుక్కుని ఆగి, “సాయంత్రాలు నిజంగానే తీసేస్తారా ఏంటమ్మా? ఇంట్లో రెండు మిషన్ల చప్పుడు. మా పెద్దపిల్ల పరీక్షకు చదువుకునేది ఇక్కడే” అంది. ఇందాక అలా చెప్పారేంటక్కా అంటే, “మీరంత మర్యాదగా అడిగితే, మాకోసం కూర్చోండి అని ఎలా అంటామమ్మా?” అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఆ మాట చెబితే పెద్దసారు తన ప్రశ్నను తానే కొట్టేశారు. మేము తెరవాలా వద్దా అని కాకుండా, దీపాలు పెట్టే వేళకు మీరెక్కడుంటారు, మీ ఇంట్లో చదువుకునేవాళ్లు ఎక్కడ కూర్చుంటారు అని అడగమన్నారు. ప్రశ్నలో మా ఊసు లేకపోయేసరికి జనానికి మొహమాటం వదిలింది. కొట్టు కట్టేశాక పేపరు చూసుకోవడానికి వచ్చే వ్యాపారి, పొలం నుంచి వచ్చి స్నానం చేసి వచ్చే రైతు, కోడలితో మాట పడలేక ఇక్కడికొచ్చి కూర్చునే పెద్దమ్మ, అందరి సాయంత్రాలూ మా బల్లల చుట్టూనే తిరుగుతున్నాయని అప్పుడు బయటపడింది. కాగితం పూర్తయినా నేను ప్రతివాళ్లనూ గడప దాకా సాగనంపి, ఏమీ అడగకుండా నిలబడేదాన్ని. అసలు మాట అక్కడే రాలేది. ఆ జవాబులు పైకి పంపాక, నేను అక్కడున్నన్నాళ్లూ ఆ సాయంత్రాలు అలాగే సాగాయి, అక్క కూతురు పరీక్ష కూడా గట్టెక్కింది.

ఇప్పుడు అందరూ అడిగేవాళ్లే. ఆటో దిగితే అడుగుతారు, టిఫిన్ తెప్పించుకుంటే అడుగుతారు. అడగడం తేలికైపోయి వినడానికి ఆగేవాళ్లు తగ్గారనిపిస్తుంది, ముసలిదాన్నయ్యాను కాబట్టి అలా అనిపిస్తోందేమో కూడా. ఇంతకీ మొన్న నేనేం చేశానంటారా? కళ్లద్దాలు దొరికాక, కౌంటరు దగ్గర కూర్చునే అమ్మాయి గుర్తొచ్చి, పాపం ఆ పిల్లకెక్కడ మాట వస్తుందోనని అయిదు స్టార్లూ ఇచ్చేశాను. నొక్కాక గుర్తొచ్చింది, మోకాళ్ల నొప్పితో మెట్లెక్కలేక నేను అటు వెళ్లి చాలా కాలమైందని, ఎవరైనా ఓ పుస్తకం ఇంటికి తెచ్చిపెడితే బాగుండునని. అప్పటికే ధన్యవాదాలు అని చూపించి పేజీ మూసుకుపోయింది. ఫోను ఒళ్లో పెట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాను, నన్ను సాగనంపడానికి ఎవరైనా గుమ్మం దాకా వస్తారేమోనన్నట్టు.