చెప్పుల కుప్ప ఉన్న కాలేజీ

2004 జూన్‌లో, పొద్దున్న ఐదున్నర బస్సుకి నేనూ మా అమ్మాయి రూతూ నర్సీపట్నం నుంచి విశాఖ బయలుదేరాం. నేను టైలర్ని. ఏడాది కిందట ఇదే బస్సులో మా ఆవిడని అక్కడి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. రక్త కేన్సరు. తిరుగు ప్రయాణం బస్సులో కాదు, వ్యానులో. అప్పట్నుంచి పిల్లకి ఒకటే పట్టు, బయోఇన్ఫర్మాటిక్స్ చదువుతానని. రోగం మూలం కంప్యూటర్లో వెతికే చదువట. మా ఊళ్ళో లేదు. మాకు అందే ఫీజులో మంచి కాలేజీ ఉందేమో చూద్దామని, పాస్టరుగారి చేత ప్రార్థన చేయించుకుని మరీ బస్సెక్కాం.

మీరూ వెళ్ళేటట్టయితే మొదటి బస్సే పట్టుకోండి. తాళ్ళపాలెం దాటితే నిలబడడానికీ చోటుండదు. అక్కడే ఒక చేపలమ్మే ఆవిడ ఎక్కి మా సీట్లో సర్దుకుంది. ఆసుపత్రిలో ఉన్న మొగుడికి కేరేజీ పట్టుకెళ్తోంది.

"ఏటి సదువుతావమ్మా?" అని అడిగింది. రూతు చెప్పింది.

"అయితే బేగి సదివెయ్యమ్మా. మా ఆయనకి ఏటొచ్చిందో ఎవులూ సెప్పట్లేదు."

రూతు ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

అనకాపల్లిలో దిగి, ఇడ్లీ తిని, ఆఫీసులు తెరిచేదాకా ఆగి, మొదటి కాలేజీకి వెళ్ళేసరికి పదయింది. ఫీజు మాకు అందేదే. గుమస్తా రంగురంగుల పుస్తకం చేతిలో పెట్టి, లేబ్ చూపిస్తానని తీసుకెళ్ళాడు. బయట "చెప్పులు ఇక్కడ విడువవలెను" అని బోర్డు. ఆ రోజుల్లో కంప్యూటరు గదికీ ప్రార్థన మందిరానికీ ఒకటే మర్యాద. ఆదివారాలు మా చర్చి గుమ్మం దగ్గర కూర్చునేది నేనే. ఎంతమంది వచ్చారని పాస్టరుగారు అడిగితే లోపలికి తొంగిచూడను, చెప్పులు చూసి చెబుతాను. ఇక్కడ క్లాసుల వేళ ఒక్క జత కూడా లేదు.

"పిల్లలేరండీ?" అన్నాను.

"ముందు కంప్యూటర్లు రావాలి గదండీ," అన్నాడు గుమస్తా.

అక్కడ ఇంక కూర్చోలేదు. విశాఖ బస్సెక్కాం.

రెండో కాలేజీలో లేబ్ ముందు చెప్పుల కుప్ప, మా చర్చిలో క్రిస్మస్ నాటిలా. నా ప్రాణం లేచొచ్చింది. రూతు తన చెప్పులు ఆ కుప్పలో విడిచి లోపలికెళ్ళింది. ఒక మేడం తెర మీద బారులు తీరిన అక్షరాలు చూపిస్తుంటే, మా పిల్ల ఏదో అడుగుతోంది, తల ఊపుతోంది. వాళ్ళమ్మ పోయాక ఆ ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు.

తనని అక్కడే వదిలి ఆఫీసుకి వెళ్ళాను. ఫీజు చెప్పారు, హాస్టలు విడిగా. నా మిషను రాత్రీ పగలూ తిరిగినా అందదు. వాయిదాల్లో కట్టుకోవచ్చా అంటే, కుదరదండీ అని మర్యాదగానే చెప్పారు. కోప్పడదామన్నా ఎవరి మీదా కోపం రాలేదు, ఏడుపొచ్చింది. తిరిగొచ్చిన నా ముఖం చూడగానే రూతు లేచొచ్చింది. గబగబా చెప్పులు తొడుక్కుని, "పద నాన్నా," అంది.

బస్టాండు కాంప్లెక్సులో కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర విప్పాం.

"బీజెడ్‌సీ డిగ్రీ మనూళ్ళోనే ఉంది గదా నాన్నా. అదే సదువుతాను," అంది.

నాలుగింటి బస్సుకి సీట్లు దొరికాయి. గాజువాక దాటాక వాన పట్టుకుంది. నీళ్ళు లోపలికి కారుతుంటే రూతు కాళ్ళు పైకి తీసుకుంది. అప్పుడు చూశాను. తన ఎడమ చెప్పు పట్టీ తెగితే నేనే నీలం దారంతో కుట్టాను. ఆ కుట్టు లేదు. అదే రంగు, అదే సైజు, కానీ ఎవరివో.

"అమ్మా, ఇవి నీవి కావు."

"మెట్లు దిగినప్పుడే తెలిసింది నాన్నా."

"మరి మార్చుకోలేదేటి?"

"ఎనక్కెళ్తే మళ్ళీ లోపలికి సూడాలి గదా."

పిల్లల కోసం కాలేజీలు చూడబోయేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. వాళ్ళిచ్చే పుస్తకం చూడకండి, లేబ్ గుమ్మం ముందు చెప్పులు చూడండి. విశాఖలో ఒకచోట ఆ కుప్పలో, ఎడమ పట్టీకి నీలం కుట్టున్న జత కనబడితే, అది మా రూతుది.