తాబేలుకు పూసిన ఇప్పనూనె

పొద్దున ఇప్పచెట్ల కింద ఆకులు కాలుతున్న పొగ ముక్కుకు తగలగానే చిన్నప్పుడు నేను పెంచుకున్న తాబేలు గుర్తొచ్చింది. మీకూ గుర్తుందా, పూలు రాలకముందే మన పెద్దవాళ్ళు చెట్టు కింద నిప్పు పెట్టేవాళ్ళు, ఏరుకోవడానికి నేల శుభ్రంగా ఉండాలని?

మా తాబేలు పగలంతా ఆ ఎండుటాకుల్లోనే పడుకునేది. "చిన్నాన్నా, ఆగు, లోపల తాబేలుంది" అని నేను అరుస్తూనే ఉన్నాను.

"దోర్నపాల్ సంతకు పోవాలె. దాన్ని ఏడ ఎతుక్కుంట కూసుంట" అంటూ చిన్నాన్న అగ్గిపుల్ల గీశాడు.

బయటికి తీసేసరికి డిప్ప ఒక పక్కంతా మాడిపోయింది. అమ్మ ఇప్పనూనె పోసిస్తే కోడి ఈకతో మెల్లగా పూసేదాన్ని. నానబెట్టిన ఇప్పపువ్వు నోటి దగ్గర పెడితే మెడ చాచేది, కొరకలేక మళ్ళీ లోపలికి లాక్కునేది. చిన్నాన్న గడపలో నిలబడి చూసి నవ్వాడు.

"తాబేలుకు నూనేంది? దాన్నే కోసి కూర వండుకోక."

ఒక పొద్దున పువ్వు పెడితే అది మెడ చాచలేదు. పెరట్లో నేనే గుంట తవ్వి పూడ్చాను. ఇన్నేళ్ళయినా ఆ నవ్వు నా చెవుల్లోనే ఉంది. పోనీలే అనుకోవడం నాకు చేతకాదు.

ఇందాక చిన్నాన్న కుంటుకుంటూ మా ఇంటికొచ్చాడు. ఆకులు కాలుస్తుంటే పాదం కాలిందట.

"ఇంత ఇప్పనూనె ఉంటే పొయ్యి బిడ్డా."

నా వెనక గూట్లో సీసా నిండుగా ఉంది.

"లేదు చిన్నాన్నా" అన్నాను. "తాబేలుకు పూసేసిన."