రేపల్లె వాళ్ళకి చెప్పాల్సిన మాట

ఆ రోజుల్లో లెక్కలు రాయడమంటే జరిగిపోయినవి రాయడమే అనుకునేవాణ్ణి. తెనాలిలో ఒక పంపుసెట్ల కంపెనీలో అకౌంట్స్ కుర్రాడిగా చేరాక తెలిసింది, అసలు కష్టమంతా ఇంకా జరగనివాటితోనేనని. (కుర్రాడు అన్నాను గానీ, అప్పటికి నాకు నలభై దాటాయి. సెక్షన్లో మిగతావాళ్ళంతా రిటైర్మెంటుకి దగ్గరపడ్డవాళ్ళు, టీలు చెప్పిరావడం నా వంతు, అందుకని కుర్రాణ్ణి.) ఇవాళ అమ్మిన మోటారు రేపు వారంటీలో వెనక్కి రావచ్చు, ఆ రిపేరు ఖర్చుకి ఈ ఏటి లెక్కల్లోనే చోటు పెట్టాలి. బాపట్లలో మా అద్దె షెడ్డు వెనక మోటార్లు కడిగిన నూనే యాసిడూ ఏళ్ళ తరబడి పారబోశాం. ఖాళీ చేసేనాడు ఆ మట్టి తవ్వి, నేల శుభ్రం చేసి ఇవ్వాలి, దానికీ ఇప్పుడే చోటు పెట్టాలి. వీటిని ప్రొవిజన్లంటారు. రాబోయే దెబ్బకి ముందే కాస్త వీపు వంచి నిలబడడం లాంటిది.

వారంటీ లెక్కలో మాకు ఎప్పుడూ తేడా కొట్టేది రేపల్లె బ్రాంచి. తెనాలిలో, బాపట్లలో అమ్మినవి మేం అనుకున్నన్ని తిరిగొచ్చేవి. రేపల్లెలో వచ్చేవి కావు. అక్కడి హెడ్ మెకానిక్‌ని ఊరంతా పాస్టర్ బాబాయి అనేది. లూథరన్ చర్చి మనిషి, పంపు విప్పేముందు కూడా ఓ చిన్న ప్రార్థన చేసి గానీ స్పానర్ పట్టడు. "రేపల్లెకి తక్కువ ఎందుకు వేశారు, ఆధారం ఏంటి?" అని ఆడిటర్ అడిగితే నేనేం రాయను? "పాత అనుభవం" అని రాశాను. అదీ నిజమే.

అలాంటి బ్రాంచిని మూసేద్దామన్నారు. ఖర్చెక్కువ, అమ్మకాలు తక్కువ. బాబాయితో కలిపి ముగ్గురు మనుషులు. ఆ ఏడు కంపెనీకి లాభం బాగా వచ్చింది గనక, మూసివేత ఖర్చంతా ఆ ఏడే రాసేస్తే వచ్చే ఏడు తేలిగ్గా ఉంటుందని జనరల్ మేనేజర్ గారి ఆలోచన. కళ్ళజోడు సార్ (ఆడిటర్ గారికి మేం పెట్టుకున్న పేరు) ఒప్పుకోలేదు.

"మీ గదిలో మీరు అనుకున్నది ఆలోచనండి. ఈ ఏడు రాయాలంటే, ఎవరి ఉద్యోగం పోతుందో వాళ్ళకి మార్చి ఆఖర్లోగా చెప్పాలి. చెప్పాక ఇక వెనక్కి తగ్గలేరు. అప్పుడది బాధ్యత. అప్పుడే రాయాలి."

"చెప్పడానికేం, ఒక మనిషిని పంపిస్తే సరి" అని జనరల్ మేనేజర్ గారు గదంతా చూశారు. టీలు చెప్పొచ్చే కుర్రాడు కనిపించాడు.

మార్చి ఆఖరు రోజు పొద్దున రేపల్లె ప్యాసింజర్ ఎక్కాను. భట్టిప్రోలు దాకా మాట వల్లెవేస్తూనే ఉన్నాను: "కంపెనీ విచారంతో తెలియజేయునదేమనగా." బాబాయి నన్ను చూడగానే చేతులు తుడుచుకుని లేచాడు.

"బాబాయ్, ముందు మీకో మాట చెప్పాలి."

"తిన్నాక చెబుదురుగానండి. ఖాళీ కడుపుతో విన్న మాట నాకు అరగదు."

ఇంటికి తీసుకెళ్ళాడు. పిన్నిగారు చేపల పులుసు వండారు, మిగతా ఇద్దరు మెకానిక్‌లూ నాతోపాటే కూర్చున్నారు. బాబాయి కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెట్టాడు. అన్నం పెట్టిన దేవుడికి స్తోత్రం చెప్పి, మా కంపెనీని దీవించమన్నాడు, మా జనరల్ మేనేజర్ గారి మోకాళ్ళ నొప్పులు తగ్గించమన్నాడు. తర్వాత, "ఇంత ఎండలో మాకోసం వచ్చిన ఈ సార్‌ని, ఈయన తెచ్చిన మాటని కూడా దీవించు ప్రభువా" అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను.

పెరుగన్నం అయ్యాక బాబాయి నా వైపు తిరిగాడు. "ఇప్పుడు చెప్పండి సార్."

నేను లేచి నిలబడి, "నేనుండగా ఈ బ్రాంచి తలుపు ఎవడూ మూయలేడు" అన్నాను. వాళ్ళు చెమ్మగిల్లిన కళ్ళతో చూశారు.

(అలా అన్నానని చాలామందికి చెప్పాను. ఇక్కడ రాశాక చదువుకుంటే నాకే ఎబ్బెట్టుగా ఉంది. నేనన్నది, "పులుసు బాగుందండి" అని.)

"అది చెప్పడానికి ఇంత దూరం వచ్చారా బాబూ?" అన్నారు పిన్నిగారు, ఇంకో ముక్క వెయ్యబోతూ.

సాయంత్రం తెనాలి ఆఫీసులో ఇద్దరూ నాకోసమే కూర్చున్నారు.

"చెప్పారా?" అన్నారు కళ్ళజోడు సార్.

"లేదండి."

"ఏమయ్యా, ఎందుకని?" అన్నారు జనరల్ మేనేజర్ గారు.

"భోజనం పెట్టారండి."

కళ్ళజోడు సార్ పెన్ను మూత పెట్టేశారు. "అయితే ఈ ఏడు రాయడానికి వీల్లేదు."

మరుసటి ఏడు రేపల్లె పక్కన నగరం మండలంలో రొయ్యల చెరువులు పెరిగాయి. నీళ్ళలో గాలి చిలికే యంత్రాల మోటార్లకి రేపల్లె బ్రాంచి ముందు ట్రాక్టర్లు వరస కట్టాయి. మూసే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. బ్రాంచిని నేనే కాపాడానని ఎన్నో పెళ్ళిపందిళ్ళలో చెప్పుకున్నాను. కాపాడినవి రొయ్యలు. నేను కేవలం వాటికి ఒక ఏడు వ్యవధి ఇచ్చాను, అదీ నోరు పెగలక.

బాబాయి ఆ బ్రాంచిలోనే రిటైరయ్యాడు. ఆ రోజు పక్కన కూర్చోబెట్టుకుని, "అప్పుడు మీరెందుకొచ్చారో తర్వాత తెలిసిందండి" అన్నాడు.

"ఏమనుకున్నారు బాబాయ్?"

"ఏమనుకుంటామండి. మా అదృష్టం కొద్దీ పని చేతకాని మనిషిని పంపారనుకున్నాం."

తర్వాత మా కంపెనీని ఓ పెద్ద కంపెనీ కొనుక్కుంది. అక్కడ ఫ్యాక్టరీలకి ఫ్యాక్టరీలే మూసేవారు, వందల మందికి చెప్పాల్సి వచ్చేది. ఆ పనికి నన్నే పంపేవారు. పొద్దున వెళ్ళి, మీటింగు హాల్లో నిలబడి, నోరు తడబడకుండా చెప్పి, మధ్యాహ్నానికల్లా కారెక్కేవాణ్ణి. "చెప్పారా?" అన్నాక ఏ ఆడిటరూ నన్ను రెండో ప్రశ్న అడగలేదు. బాగా చెబుతానని పేరు కూడా వచ్చింది.

ఇప్పుడు ఇంట్లో కూర్చుని, రేపల్లె వెళ్ళిన నన్నూ ఫ్యాక్టరీలకి వెళ్ళిన నన్నూ ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూసుకుంటాను. రెండోవాడు చాలా సమర్థుడు. వాడికి పెన్షన్ కూడా వస్తోంది. అయినా ఎవరైనా పలకరిస్తే, వాడి సంగతి ఎత్తను. మొదటివాడి గురించే చెబుతాను, అదీ కాస్త పెంచి.